అందరికీ తెలిసిన పాట

ఏలూరు పవర్‌పేటలోని మైకు సెట్ షాపుని ఏదో ఒక రోజు తన కూతురు నడుపుతుందని జీవరత్నం ఎప్పుడూ అనుకోలేదు. 2001 వేసవిలో కామవరపుకోట దగ్గర సువార్త సభలకి హారన్ స్పీకర్లు కడుతూ ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఇంకో గంటలో సభ మొదలవ్వాలి. జనం అప్పటికే చాపలు పరుచుకుని కూర్చున్నారు. పాటల బృందంలో గిటారు వాయించడానికి వచ్చిన కెజియా, తండ్రిని జీపెక్కించి, బాబాయిని తోడిచ్చి ఆసుపత్రికి పంపింది. తర్వాత చున్నీ నడుముకి బిగించి అదే నిచ్చెన ఎక్కింది. సభ ఆగలేదు.

అలా ఎక్కిన నిచ్చెన ఆమె మళ్ళీ దిగలేదనే చెప్పాలి. డిగ్రీలో చదివిన ఎలక్ట్రానిక్స్ అక్కరకొచ్చింది. జీవరత్నం కర్ర ఊతంతో నడవగలిగే నాటికి షాపు మొత్తం ఆమె చేతిలో ఉంది. మొదట్లో జనానికి నమ్మకం కుదిరేది కాదు. ద్వారకా తిరుమలలో ఒక పెళ్ళికి వెళ్తే పెళ్ళికొడుకు మేనమామ ఆమె వెనక వ్యాన్‌లోకి తొంగి చూశాడు.

"మైకు సెట్ వాళ్ళేరమ్మా?"

"నేనేనండీ."

"మీరు కాదండీ, మగవాళ్ళు."

"వాళ్ళతో పని లేదండీ. బాక్సులు ఎక్కడ పెట్టమంటారో చెప్పండి."

ఆ రోజుల్లోనే ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ రాని టేప్ రికార్డర్‌లో ఆమెకి ఒక క్యాసెట్ దొరికింది. పేరు ఐరన్ మెరిడియన్. హోరెత్తే రాక్ వాయించే అమెరికా మెటల్ బ్యాండ్. వాళ్ళ పుర్రె బొమ్మ టీషర్టులు ఏలూరు ఫుట్‌పాత్ మీద కూడా అమ్మేవారు. వాటిని తొడుక్కున్న వాళ్ళలో సగం మందికి అదొక బ్యాండ్ పేరని తెలియదు. టేప్ రికార్డర్ బాగుపడిందో లేదో చూద్దామని కెజియా ఆ క్యాసెట్ వేసింది. ఎండాకాలం మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. ఒక్కసారిగా గిటార్లు మోగాయి. చర్చిలో పదమూడేళ్ళుగా వాయిస్తున్న అదే ఆరు తీగలు. కానీ అవి ఇలా గర్జిస్తాయని, ఆ గర్జన మధ్య ఇంత బాధ ఇముడుతుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. తండ్రి పడిన రోజు నుంచీ ఆమె ఏడవలేదు. ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆ మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని, పాట పూర్తయ్యేదాకా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, క్యాసెట్ వెనక్కి తిప్పి, గిటారు చేతిలోకి తీసుకుంది.

ఏడాది పాటు వెనక్కి తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి ఆ క్యాసెట్ మొత్తం నేర్చుకుంది. ఆ బొంగురు శబ్దం కోసం నాలుగు ట్రాన్సిస్టర్లు, కొన్ని రెసిస్టర్లు స్టీలు టిఫిన్ బాక్సులో అమర్చి తనే కాలితో నొక్కే ఒక పెడల్ తయారు చేసుకుంది. జీవరత్నం పక్కగదిలోంచి వినేవాడు. ఒకరోజు మాత్రం అడిగాడు.

"అమ్మా, ఆయన ఎందుకలా అరుస్తున్నాడు?"

"వాళ్ళ నాన్న పోయారండి, నాన్నగారూ. ఆ పాట దాని గురించే."

"అయితే అరవనీ," అన్నాడు జీవరత్నం.

2006 వానాకాలంలో ఇద్దరు కుర్రాళ్ళు ఆటోలో ఒక గిటార్ ఆంప్లిఫయర్ తెచ్చి ఆమె షాపు ముందు దింపారు. పొడుగ్గా, నల్ల టీషర్టుతో ఉన్నవాడు పాండురంగారావు, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. తాతగారి పేరు పెట్టినందుకు ఇంట్లోవాళ్ళని ఇంకా క్షమించలేదు. రెండోవాడు నాగరాజు, అతని క్లాస్‌మేట్, కొల్లేరు లంక గ్రామం వాడు. చేపల చెరువు దగ్గర ఐసు పెట్టెల మీద పుల్లలతో వాయించి డ్రమ్స్ నేర్చుకున్నాడు. ఆ ఏడు వేసవిలోనే సరస్సు ఆక్రమణలంటూ ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువుల గట్లు పొక్లెయిన్లతో తెగ్గొట్టించింది. నాగరాజు వాళ్ళదీ పోయింది. ఇంకో ఇద్దరితో కలిసి వీళ్ళు 'కపాలం' అనే బ్యాండ్ పెట్టుకున్నారు.

వాళ్ళు లోపలికి వచ్చేసరికి కెజియా మెరిడియన్ పాట ఒకటి వాయిస్తోంది. పాండురంగారావు ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత నవ్వేశాడు.

"అక్కా, ఇంత బాగా వాయిస్తున్నారు. ఆ పాటెందుకండీ?"

"ఏం, బాలేదా?"

"అది మెటల్ కాదండీ. టీవీలో వేస్తారు. ఫుట్‌పాత్ మీద అమ్ముతారు. ఒకప్పుడు వాయించారేమో గానీ, తర్వాత జుట్టు కత్తిరించుకుని అమ్ముడుపోయారండి వాళ్ళు. నిజమైన మెటల్ వినేవాళ్ళెవరూ వాళ్ళకి గౌరవం ఇవ్వరు."

కెజియా గిటారు పక్కన పెట్టి ఆంప్లిఫయర్ వెనక మూత విప్పడం మొదలుపెట్టింది. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు చివుక్కుమంది. తన ఇంటి మనిషిని ఎవరో మాట అన్నట్టు అనిపించింది.

"జుట్టు సంగతి నాకు తెలీదు గానీ, ఎక్కువమంది విన్నారని పాట బరువు తగ్గిపోతుందా?" అంది.

"తగ్గుతుందండి. అందరికీ నచ్చాలంటే పదును తీసెయ్యాలి కదండీ."

"మొన్న వచ్చిన వాళ్ళ కొత్త క్యాసెట్ నాకూ నచ్చలేదు. చప్పగా ఉంది. చప్పగా ఉన్నదాన్ని చప్పగా ఉందను, తప్పులేదు. అందరూ కొన్నారు కాబట్టి చెత్త అంటేనే నాకు అర్థం కాదు."

పాండురంగారావు తడబడ్డాడు. గొంతు తగ్గించి, "అక్కా, ఈ సంగీతం ఎవరికీ పట్టనివాళ్ళదండి. క్లాసులో నాతో ఎవడూ మాట్లాడేవాడు కాదు. అప్పుడు ఇది దొరికింది. ఇప్పుడు ఇది కూడా అందరిదీ అయిపోతే నాకేం మిగుల్తుందండీ?" అన్నాడు.

అతను అన్నదాంట్లో నిజం ఉందని కెజియాకి తెలుసు. ఆంప్లిఫయర్ బాగుచేసి, పరీక్షించడానికి గిటారు తగిలించాక మాత్రం ఆమెకొక ఆలోచన వచ్చింది.

"మూడు ముక్కలు వాయిస్తాను. ఏది నిజమైన మెటలో చెప్పు."

తీగల శ్రుతి కిందికి దించుకుంది. టిఫిన్ బాక్సు పెడల్ మీద కాలేసింది. మొదటిది నాగరాజు సంచీలో ఉన్న ఫిన్లాండ్ బ్యాండ్ సీడీలోంచి అప్పటికప్పుడు రెండుసార్లు విని పట్టుకున్నది. రెండోది తను కట్టుకున్నది. మూడోది నెమ్మదిగా, బురదలో అడుగులు వేస్తున్నట్టు మొదలై, ఉన్నట్టుండి విరుచుకుపడింది. ఆ దెబ్బకి అరలో స్క్రూల డబ్బా గలగల్లాడింది.

పాండురంగారావు కళ్ళు మెరిశాయి. "మూడోదండీ! అనుమానమే లేదు. ఇది కదండీ మెటలంటే. ఎవరండీ వీళ్ళు? నార్వే వాళ్ళా?"

కెజియా ఐరన్ మెరిడియన్ క్యాసెట్ కవరు తీసి అతని ముందు పెట్టింది. అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్ అది. రెండోవైపు ఆఖరి పాట మీద వేలు పెట్టింది.

నాగరాజు పగలబడి నవ్వాడు. పాండురంగారావు చెవులు ఎర్రబడ్డాయి. ఆ క్యాసెట్ అతను ఎప్పుడూ పూర్తిగా వినలేదు. విననని ఒట్టు పెట్టుకున్నాడు.

"మీరు వాయించారు కాబట్టి అలా ఉందండి," అన్నాడు చివరికి.

"ఇంటికి తీసుకెళ్ళి విను. వాళ్ళే వాయించారు," అంది కెజియా.

క్యాసెట్ అయితే తీసుకెళ్ళాడు గానీ, మాట మాత్రం మార్చుకోలేదు. ఆ తర్వాత కపాలం వాళ్ళు ఆదివారాలు ఆరాధన అయ్యాక షాపుకొచ్చి సాధన చేసుకోవడం అలవాటైంది. వాదన ప్రతి వారం నడిచేది. ఆ ఆదివారాల్లోనే నాగరాజు ఒక పాట కట్టాడు. తెలుగులో. గట్టు తెగిన రోజు గురించి. పాండురంగారావుకి ట్యూన్ నచ్చింది గానీ, మెటల్ తెలుగులో పాడితే నవ్వుతారని భయపడ్డాడు. అందుకని అది షాపు దాటి బయటికి రాలేదు.

2007 ఫిబ్రవరిలో వాళ్ళ కాలేజీ వార్షికోత్సవం జరిగింది. సౌండ్ కెజియాకే ఇచ్చారు. శబ్దం సర్దే మిక్సర్ దగ్గర కుర్చీ వేసుకుని జీవరత్నం కూడా కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి, మిమిక్రీకీ సినిమా డాన్సులకీ మధ్య కపాలం వంతు వచ్చింది. వెయ్యిమంది దాకా ఉన్నారు. పాండురంగారావు ఎవరికీ తెలియని రెండు ఇంగ్లీషు పాటలు ఎంచుకున్నాడు. మొదటి పాట సగానికి వచ్చేసరికి వెనక వరసలు లేచాయి. రెండోది మొదలయ్యేసరికి జనం చెరుకురసం బండి దగ్గర ఉన్నారు. వాయించడంలో తప్పేమీ లేదు. తలుపు తియ్యకుండా లోపలికి రమ్మంటే ఎవరొస్తారు అనుకుంది కెజియా.

ప్రిన్సిపాల్ కోదండరామయ్య గారు గబగబా మిక్సర్ దగ్గరికి వచ్చారు.

"ఏవమ్మా, మీ మైకు సెట్ పాడైపోయినట్టుంది. ఏవో అరుపులు వస్తున్నాయండి."

"పాడవలేదండీ. అది పాటేనండి."

"పాటా! అయితే ఆపించెయ్యండి. డాన్సుల వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"ఒక్క పది నిమిషాలు ఇవ్వండి సార్. అప్పటికీ జనం రాకపోతే నా చేత్తోనే స్విచ్ తీసేస్తాను."

ఆయన గడియారం చూసుకుని, పక్కనే నిలబడ్డారు. కెజియా తండ్రి వైపు తిరిగింది. "నాన్నగారూ, మిక్సర్ మీరు చూస్తారా?"

"నువ్వెళ్ళమ్మా," అన్నాడు జీవరత్నం. చేతికర్ర కింద పెట్టి, రెండు చేతులూ మిక్సర్ మీద వేశాడు.

వ్యాన్‌లోంచి తన గిటారు తీసుకుని కెజియా స్టేజీ ఎక్కింది. పాండురంగారావు ముఖం పాలిపోయి ఉంది. ఆమె అతన్ని ఏమీ అడగకుండా ఐరన్ మెరిడియన్ పాట మొదలుపెట్టింది. టీవీలో వేల సార్లు వచ్చినది, ఇంగ్లీషు రానివాళ్ళు కూడా కూనిరాగం తీసేది.

"అక్కా! ఇదా? ఇక్కడా?"

"ఇదే. వాయిస్తావా, దిగిపోతావా?"

నాగరాజు ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. డ్రమ్స్ పిడుగులా పడ్డాయి. చెరుకురసం బండి దగ్గర గ్లాసులు పెదాల దగ్గరే ఆగిపోయాయి. ముందు నలుగురు, తర్వాత నలభైమంది, ఆ తర్వాత లెక్క తెలియలేదు. పరుగులు పెట్టుకుంటూ వచ్చారు. మాటలు లేని ఆలాపన దగ్గరికి వచ్చేసరికి మైదానం మొత్తం గొంతు కలిపింది. గ్యాలరీలో చీర కొంగులు సర్దుకుంటున్న తల్లులు కూడా తలలు ఊపుతున్నారు.

కెజియా పక్కకి చూసింది. పాండురంగారావు వాయిస్తున్నాడు. ఒక్క స్వరం తప్పు లేకుండా, కళ్ళు మూసుకుని, విననని ఒట్టు పెట్టుకున్న ఆ బ్యాండ్ పాటని మొదటి నుంచి చివరిదాకా.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అని అరిచింది ఆ హోరులో.

"ఇంటర్ ఫస్టియర్‌లో అండీ!" అతనూ అరిచాడు. "నేను వాయించిన మొదటి పాట ఇదేనండి! ఎవరికీ చెప్పలేదు!"

"సిగ్గుపడ్డావా?"

"ఆయ్! ఇప్పుడు అలా సిగ్గుపడ్డందుకు సిగ్గుగా ఉందండీ!"

పాట ముగిసింది. అరుపులు మిన్నంటాయి. ఆ అరుపులు చల్లారనివ్వకుండా కెజియా నాగరాజు వైపు తిరిగి, "నీది మొదలుపెట్టు," అంది. నాగరాజు పాండురంగారావు వైపు చూశాడు. పాండురంగారావు మైకు స్టాండు ఎత్తి, తనే తీసుకెళ్ళి అతని డ్రమ్స్ ముందు పెట్టాడు.

నాగరాజు గొంతు బొంగురు. దానికి ఏ పెడల్ అక్కర్లేదు.

"గట్టు తెగింది, గట్టు తెగింది,
నీరొచ్చి మా పేరడిగింది!
ఊరేదంటే చేత్తో చూపాం,
చూపినచోట నీరే ఉంది!"

ఎవరూ నవ్వలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు. కొల్లేరు పక్కన కైకలూరు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లలు కొందరు ఒక పక్కగా నిలబడి ఉన్నారు. రెండోసారి పల్లవి వచ్చేసరికి వాళ్ళు పిడికిళ్ళు ఎత్తారు. 'గట్టు తెగింది' అన్న ప్రతిసారీ గిటార్లు రెండూ కలిసి దెబ్బ వేస్తుంటే, ముందు వాళ్ళు, తర్వాత వాళ్ళ పక్కవాళ్ళు, తర్వాత కొల్లేరు మొహం చూడనివాళ్ళు కూడా ఆ దెబ్బకి కాళ్ళు నేలకేసి కొట్టారు. దుమ్ము లేచింది. దూరంగా మిక్సర్ దగ్గర జీవరత్నం, నాగరాజు గొంతుని గిటార్ల మీదికి మెల్లగా లేపుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు బోధకుల మాట ఆఖరి చాప దాకా వినపడేలా చేసిన చెయ్యి అది. ఒక్క మాట కూడా హోరులో మునిగిపోలేదు.

చివరి దెబ్బ పడింది. ఆ తర్వాత వచ్చిన చప్పట్లకి స్టేజీ మీద నలుగురు కుర్రాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాండురంగారావు ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. అందరిదీ అయిపోతే తనకేం మిగుల్తుందని అడిగినవాడు, ఆ అందరి మధ్యా గిటారు తలపైకి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

కోదండరామయ్య గారు స్టేజీ మెట్ల దాకా వచ్చారు. గడియారం ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. డాన్సుల పిల్లలు ఆయన వెనకే నిలబడి ఈలలు వేస్తున్నారు.

"బాబూ, ఇలాంటిది ఇంకోటి ఉందా?"

నాగరాజు చెమట తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. "లేదండి సార్. ఇదొక్కటేనండి."

"అయితే అదే మళ్ళీ పాడండి," అన్నారాయన.

వాళ్ళు అదే మళ్ళీ పాడారు. ఈసారి అందరికీ మాటలు తెలుసు.