నా కోసం ఆగిన బాప్తిస్మం

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే ఇస్తారు. మిగిలినవాళ్ళు లేచి బయటికి పోవాలి. చిన్నపిల్లలతో పాటు అరవై దాటిన మా అమ్మ కూడా బయటికొచ్చి, చర్చి ముందు పరిచిన కడప బండల మీద కూర్చునేది. చదువు రాకపోయినా వాక్యాలు విని విని కంఠతా పట్టిన మనిషి. లోపల పాడే పాటకు బయట నుంచే గొంతు కలిపేది. చూస్తే నాకు ఒళ్ళు మండేది. తప్పు నాదని తెలిసి కూడా పాస్టరు మీదే మండేది.

అమ్మను బాప్తిస్మం తీసుకోకుండా ఆపింది నేను. నాన్న బండల గనిలో పనిచేసి పనిచేసి పోయాడు. నాకు ఎస్సీ సర్టిఫికెట్ మీద ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ కాగితంలో మేం హిందువులం. క్రైస్తవులమని తేలితే బీసీ-సీ అవుతాం, ఉద్యోగానికే ఎసరు. మా కాలనీలో ఇది ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి. బడికొక పేరు, చర్చికొక పేరు పెట్టుకుని బతుకుతాం.

పైగా మా వైపు బాప్తిస్మం ఎప్పుడంటే అప్పుడు కుదరదు. నీళ్ళలో నిండా మునగాలి. కాలవకు నీళ్ళు వదిలిన రోజుల్లోనే ఇస్తారు. ఒక ఏడు నీళ్ళొచ్చాయి.

"పాస్టరయ్య పేర్లు రాసుకుంటాండాడు పాపా. నా పేరు ఇయ్యమంటావా?" అని అడిగింది అమ్మ.

అప్పుడే నా ప్రమోషన్ ఫైలు కదులుతోంది. కాలవ గట్టున ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు, గిట్టనివాడెవడో ఆఫీసుకు పంపుతాడు. "వచ్చే ఏడు చూద్దాంలేమ్మా," అన్నాను. ఆమె మునిగితే నా సర్టిఫికెట్‌కు నిజంగా ఏమవుతుందో ఒక్క లాయరునైనా అడగలేదు. అడిగే ఓపిక నాకు లేదు, ఆగే ఓపిక అమ్మకు ఉంది కదా అనుకున్నాను. ఎంత నీచంగా అనుకున్నానో ఇప్పుడు తెలుస్తోంది.

మరుసటి ఏడు కాలవకు నీళ్ళు రాలేదు. ఆ పై ఏడు అమ్మకు పక్షవాతం వచ్చి మంచం పట్టింది. పొద్దున లేస్తే ఒకటే ప్రశ్న.

"మునగకుండా పోతే నన్ను ఆడ పరలోకంలోకి రానిస్తారా పాపా?"

"ఎందుకు రానివ్వరమ్మా," అనేదాన్ని. ఆమె నమ్మేది కాదు. నా మాట మీద ఆమెకు నమ్మకం పోయి చాలా కాలమైంది. పాస్టరయ్యను పిలిపించమంది.

ఆయన ఎవరో రోగికి ఇంటి దగ్గరే ప్రభువు బల్ల ఇచ్చి, రొట్టె, ద్రాక్షరసం ఉన్న ఆ సంచితోనే మా ఇంటికి వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు.

"నాకు రక్షణ ఉండాదా అయ్యా?"

"ఎందుకు లేదమ్మా? నమ్మితే చాలు. యేసయ్య పక్కన సిలువ మీద దొంగకు పరలోకం దొరికిందే, వాడు ఏ నీళ్ళలో మునిగినాడు?"



"అట్లయితే ఇన్నేండ్లు నన్ను బల్ల కాడి నుంచి యాలప్పా లేపినారు?"

ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. పాస్టరు సంచి తెరిచి, రొట్టె ముక్క తీసి పట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం నాకు ఆయన మీద జాలి కలిగింది.

అమ్మ నోరు తెరవలేదు. తల నా వైపు తిప్పింది.

"తీసుకుందునా పాపా? నీకేమన్నా ఇబ్బంది అవుతాదా?"

నేను లేచాను. వెళ్ళి వీధి తలుపు గడియపెట్టి వచ్చాను. ఆ తర్వాతే, "తీసుకోమ్మా," అన్నాను.