పిలుపు లేని పెళ్లి పత్రిక

మా ఇంట్లో సైబర్ భద్రత నా శాఖ. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాడికి ఏదో ఒక శాఖ ఇవ్వాలి కదా. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, తెలియని లింకు నొక్కొద్దని రోజూ అన్నం దగ్గర చెప్పేవాణ్ని. నాన్న శ్రద్ధగా వినేవాడు, అంటే పప్పు కలుపుకునేవాడు.

ఒక ఆదివారం పొద్దున తెలియని నంబర్ నుంచి ఆయన వాట్సాప్‌కు పెళ్లి పత్రిక వచ్చింది. ఫొటో కాదు, ఫోన్‌లో ఎక్కించుకోమని అడిగే ఫైలు. ఎక్కించుకున్నాడు. మా వైపు పిలిచినవాళ్ల పత్రిక తెరవకపోవడం తప్పు. తెలియనివాళ్లదైతే మరీ తప్పు, ఎవరో మరిచిపోయిన చుట్టమై ఉంటారు. పది నిమిషాల్లో అదే పత్రిక నాన్న పేరుతో ఆయన ఫోన్‌లో ఉన్న అందరికీ వెళ్లిపోయింది.

“ఎవరి పెండ్లో సూద్దామని నొక్కిన,” అన్నాడు.

నెట్ ఆపి, సిమ్ తీసి, అమ్మ ఫోన్ నుంచి బ్యాంకుకూ సైబర్ హెల్ప్‌లైన్‌కూ చెప్పాం. మాకేమీ పోలేదు. నాన్న భయం వేరు: తన పేరు చూసి ఎవరైనా తెరిచి మునిగితే, ఇక ఆ గడప ఎలా ఎక్కడం? అమ్మ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తెరవొద్దని చెప్పింది. మొగుడంపల్లిలో ఉండే మేనత్త భర్త ఒక్కడే దొరకలేదు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ కట్ చేశాడు.

“తెరిచి మునిగిండురా, అందుకే ఎత్తుతలేడు,” అన్నాడు నాన్న.

బైకు తీశాం. దారిలో నేను కూడా జోకు వేయలేదు, కనీసం జహీరాబాద్ దాటేదాకా.

మామ అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు. నాన్న చెప్పులు కూడా విడవకుండా అడిగాడు.

“బావా, నా ఫోన్‌కెల్లి వచ్చిన పత్రిక తెరిచినవా?”

“ఎందుకు తెరుస్త? కొడుకు పెండ్లి పెట్టుకొని ఇంటల్లుణ్ణి ఫోన్ల పిలుస్తవా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలువంది నేను ఏ పత్రికా ముట్ట.”

నాన్న ఆ అరుగు మీదే కూలబడి నవ్వాడు. నా ఉపన్యాసాలన్నీ చేయలేని పని ఒక అల్లుడి అలక చేసిపెట్టింది. సంగతంతా చెప్పాం. మామ కోపం తగ్గలేదు, కారణం మార్చుకుంది: పెళ్లే లేకుండా పెళ్లికి పిలవడం ఇంకా పెద్ద అవమానమట. అత్త మాత్రం చాయ్ ఇస్తూ, వచ్చిన్రు కాబట్టి నాకు పిల్లను చూస్తున్నారో లేదో చెప్పి పొమ్మంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఫోన్‌కు పత్రిక వస్తే ముందు పంపినవాళ్లకు ఫోన్ చేసి గొంతు వినాలి. అదీ ఫొటో అయితేనే చూడాలి, ఏదీ ఎక్కించుకోవద్దు. నాన్న దీనికి తన వంతు చేర్చాడు. అవతల ఎత్తగానే, “ఇంటికొచ్చి పిలువనీకి ఏమైంది?” అని అందుకుంటాడు. దొంగలైతే పెట్టేస్తారు. చుట్టాలైతే సాయంత్రానికల్లా కుంకుమ భరిణతో వస్తారు.