ముక్కు వాలిన బండి

మాబెల్ ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతోంది. పుస్తకాలు నింపితే చాలు, ఆమె చిన్న పికప్ ఫ్లైఓవర్ సగం ఎక్కి చతికిలబడేది. పెద్ద బండి కొనుక్కోమని అందరూ ఉచిత సలహా ఇచ్చారు. పెద్ద బండి ఆమె ఉండే నాంపల్లి గల్లీలో పట్టదని ఒక్కరికీ తట్టలేదు. చివరికి తుక్కుకు పోయిన జీపులోంచి డీజిల్ ఇంజన్ కొని, మెకానిక్ జబ్బార్ షెడ్డుకు తెచ్చింది.

"గింత బరువు పెడితే బండి ముక్కు కిందికి వాల్తది అక్కా," అన్నాడతను.

"వాలనీ. నువ్వు బిగియ్యి భయ్యా."

బిగించాక ముక్కు నిజంగానే వాలింది. షెడ్డంతా పగలబడి నవ్వింది.

"నేను చెప్పలే?" అన్నాడు జబ్బార్.

మాబెల్ బండి తీసుకుని ఇంటికెళ్లింది. గంటలో నిఘంటువులు, లా పుస్తకాలు, బైబిళ్లు వెనక నిండా పేర్చుకుని, ఫ్లైఓవర్ ఎక్కి దిగి, షెడ్డు ముందుకే వచ్చి ఆగింది. వెనక బరువు పడ్డ బండి ఇప్పుడు తిన్నగా నిలబడింది. ఎవరూ నవ్వలేదు.

"ఖాళీ బండిని చూసి నవ్విన్రు," అంది మాబెల్. "నేనెన్నడన్న ఖాళీగ తిరిగిన్నా?"