ఉపగ్రహం చూసిన బండి బాట

అరవైల్లో అమెరికా వాళ్లు రష్యా క్షిపణుల జాడ కోసం ఆకాశంలోకి గూఢచారి ఉపగ్రహాలను పంపారు. అవి పనిలో పనిగా మా ఐరాల పక్క చెరువులను కూడా ఫోటో తీసుకుపోయాయి. రహస్యమని ఏళ్ల తరబడి దాచి, తర్వాత లోకానికి వదిలేసిన ఆ ఫోటోలను ఇప్పటివాటితో పోల్చి, ఏ చెరువు ఎంత కుంచించుకుపోయిందో పటం గీయడం తిరుపతిలో నా ఉద్యోగం.

ఊళ్లో మా నాయనకు వరసకు తమ్ముడయ్యే చిన్నాయన ఒకాయన ఉన్నాడు. ఆయన చేనికి పోవాలంటే మా మామిడితోపు దాటాలి. అందులో ఒకప్పుడు బండి బాట ఉండేదని ఆయన, ఏనాడూ లేదని మా నాయన. మా వైపు ఇలాంటి తగాదాలు కోర్టుకన్నా ముందు కాణిపాకం పోతాయి. తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేస్తే ఇక ఎదురుమాట ఉండదు. నేను బళ్లో చదివే రోజుల్లోనే మా నాయన ఆ పని చేసి వచ్చాడు. అప్పటి నుంచీ చిన్నాయన ఎరువు మూటలు నెత్తిన పెట్టుకుని చెరువు కట్ట చుట్టూ తిరిగి పోతున్నాడు.

మొన్న నా ఉద్యోగం సంగతి చెవినబడి ఫోన్ చేశాడు.

"అబ్బా, పాత ఫోటోలు సూస్తావంట గదా. మన దావ యాడన్నా కనిపిస్తాదేమో సూడు. నీ మాటే నాకు మాట."

మా నాయన మీది నమ్మకంతో సరేనన్నాను. చెరువు కట్ట, రోడ్డు మలుపు లాంటి కదలని గుర్తులు పట్టుకుని పాత ఫోటోను కొత్తదాని మీద సరిగ్గా పరిచాను. తోపు ఉండాల్సిన చోట ఒక్క చెట్టూ లేదు. ఖాళీ నేల మీదుగా చిన్నాయన చేని దాకా తెల్లటి గీత ఒకటి ఉంది. నీళ్లు పారే వంకేమో, పశువుల బాటేమో అని నా చదువంతా ఖర్చుపెట్టి చూశాను. అది బండి బాటే. తల కొట్టేసినట్టయింది.

ఆదివారం ప్రింటు తీసుకుని ఊరికి పోయి, ఏమీ చెప్పకుండా నాయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని చూసి మురిసిపోయాడు.

"ఇదో, మన బాయి! ఇదో, ఈ దావనే గదా మా నాయన బండి తోలతా ఉంటే నేను ఎనక కూసోని పోయేవాణ్ణి" అంటూ గీత పొడవునా వేలు జరిపి, చివర్లో ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసేశాడు.

"ఆ దావ మీద నాటిన చెట్లే నిన్ను సదివించినాయి. ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నాడు.

న్యాయంగా నాకు నాయన మీద కోపం రావాలి. అమెరికా వాళ్ల మీద వచ్చింది. ఆ రోజు కాస్త మబ్బు పట్టి ఉంటే ఎవరి సొమ్మేం పోయేది?

సాయంత్రం తిరుపతి బస్సులో ఉండగా చిన్నాయన ఫోన్ చేశాడు. "కనపడిందా అబ్బా?"

"మసగ్గా ఉండాది చిన్నాయనా. ఏమీ తెలీలా." అడక్కుండానే, "కావాలంటే ప్రమాణం చేస్తా" అన్నాను.

"సదువుకున్నోడివి, నీకు ప్రమాణమెందుకు నాయనా" అన్నాడాయన. "ఇన్నాళ్లూ మీ నాయన్ని ఊరికే తప్పుబట్టినాను. రేపు పొద్దన్నే పోయి మన్నించమని అడుగుతా."