మాన్యువల్‌లో లేని మాట

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాను. పక్క సీటావిడ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదువుతోంది. ఏమిటని అడిగాను. కంప్యూటర్‌లో రాసుకునే ఒక టెక్స్ట్ ఎడిటర్‌కు మాన్యువల్ ఉందట, అందులో తప్పులు దిద్దడం ఆవిడ పని. ఎవరో ఒకామె ఆ మాన్యువల్ చూసి ఫైలు మూస్తే, రాసుకున్న కథంతా పోయిందట. తప్పెక్కడుందో మాత్రం దొరకడం లేదు.

"జర మీరు చేసి చూడుండ్రి అన్నా," అంటూ ల్యాప్‌టాప్ నాకిచ్చింది.

కంప్యూటర్ నేను లైబ్రరీ పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాణ్ని. హుషారుగా రెండు వాక్యాలు రాసి, ఫైలు మూసి, మళ్లీ తెరిచాను. రాసింది అలాగే ఉంది.

"మీరు ముందుగాల సేవ్ చేసిన్రు. నేను గూడ అలవాటుల గట్లనే చేస్తున్న. మరి గది ఈ పేజీల ఉన్నదా?"

లేదు. "గది అందరికి తెల్సిందే గదక్కా," అన్నాను.

"తెల్సినోళ్లు మాన్యువల్ ఎందుకు చూస్తరు? మీ తెలివి జర పక్కకు పెట్టి, పేజీల రాసినంతే చెయ్యుండ్రి."

ఈసారి రాసినంతే చేశాను. సేవ్ చెయ్యాలా అని ఎడిటర్ అడగను కూడా లేదు, నా వాక్యాలు రెండూ పోయాయి. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. పేజీ దిద్దకముందే, కథ పోగొట్టుకున్నామెకు జవాబు రాసింది: "తప్పు మీది కాదు, మా పేజీది."

లైబ్రరీలో ఏ పుస్తకం అర్థంకాకపోయినా నా బుర్రనే తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు అలాంటి చోట ఇంకాసేపు ఆగి, రాసినవాళ్లు ఏం చెప్పడం మరిచారో వెతుకుతున్నాను.