నాయన తట్టి చూసిన డిస్కు

మా కంప్యూటర్ ఆన్ అయ్యేలోపు నేను పప్పు ఎనిపి, తాలింపు పెట్టి, స్కూలుకు చీర కట్టుకుని రావచ్చు. అంతవరకు ఓర్చుకున్నాను. ఒకరోజు పొద్దున దాని లోపల హార్డ్ డిస్కు టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. వరండాలో టీ తాగుతున్న నాయన ఆ చప్పుడు విని లేచి వచ్చాడు.

నాయన ఆళ్లగడ్డలో శిల్పి. చెక్కినన్నాళ్లూ దేవుడు మా పెరట్లోనే ఉంటాడు, నాయన ఆయన భుజం మీద తువ్వాలు ఆరేస్తాడు. గుడిలో ప్రతిష్ఠ అయ్యాక మాత్రం నాయన కూడా క్యూలో నిలబడి, పూలదండల సందులో కనిపించినంత చూసి రావాల్సిందే. అందుకే లారీ ఎక్కించే ముందు ప్రతి విగ్రహానికీ ఫొటో తీసి పెట్టుకుంటాడు. ఆ ఫొటోలన్నీ ఈ టక్ టక్‌మంటున్న డిస్కులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

"దీంట్లో చార పడిందిమ్మా," అన్నాడు డబ్బా మీద చెయ్యి వేసి, రాతి లోపలి సన్న పగులు గురించి చెప్పినట్టే. "పగలక ముందే మార్చల్ల."

నేను రెండు రోజులు ఫోన్లో వీడియోలు చూసి, ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేయించాలని తేల్చాను. దాంట్లో తిరిగే చక్రం ఉండదు, చప్పుడూ ఉండదని చెప్పాను. నాయనకు అక్కడే అనుమానం వచ్చింది. తట్టితే ఖంగుమని మోగని రాయిని ఆయన జన్మలో కొనలేదు. "కొట్టి చూడకుండా మంచిదని ఎట్ల తెలుస్తాది?" అంటూ కంప్యూటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని నాతోపాటు నంద్యాల బస్సెక్కాడు.

షాపతను మా పాత డబ్బాకు సరిపోయేది ఇదేనని పేకముక్కంత వెడల్పున్న డిస్కొకటి ఇచ్చాడు. నాయన దాన్ని అరచేతిలో పెట్టి బరువు చూశాడు. గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పక్కన ప్రింటర్ ఇంకు కొంటున్నాయన నా వైపు జాలిగా చూశాడు. నాకు బల్ల కిందికి దూరిపోవాలనిపించింది.

"డొల్లప్పా ఇది," అన్నాడు నాయన. షాపతని బల్ల మీద పడి ఉన్న ఇంకో డిస్కు తీసుకుని తట్టాడు. మొహం విప్పారింది. "సరుకంటే ఇదీ. దీన్ని కట్టియ్యి."

"అది చచ్చిపోయింది పెద్దాయనా. ఎవురో ఆన్‌లైన్లో చౌకగా కొని, నెల తిరక్కముందే నా దగ్గర పడేసిపోయినారు."

నాయన నమ్మలేదు. షాపతను స్క్రూడ్రైవర్‌తో మూత ఊడదీశాడు. లోపల గోరంత చిప్పు, దాని పక్కన బరువు కోసం గమ్ముతో అతికించిన ఇనుప ముక్క.

విరిగిన రాయిని రాతిపొడి, జిగురు కలిపి పూడ్చి అమ్మేవాళ్ల ఇంటికి నాయన పెళ్లికి పిలిచినా పోడు. ఇప్పుడు తాను మెచ్చిన సరుకే అట్లాంటిదని తేలింది. కాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, "గమ్ము కూడా సక్కంగా పూయలేదు నాకొడుకులు," అన్నాడు.

తర్వాత గొంతు తగ్గించాడు. "సరే, నువ్వే చెప్పప్పా. ఏది గట్టిది?"

మొదట ఇచ్చినదే మంచిదని, పేరున్న కంపెనీ అని, ఐదేండ్ల వారంటీ ఉందని షాపతను చెప్పాడు.

"ఈలోపల పోతే?"

"కొత్తది ఇస్తారు."

"నా బొమ్మలు?"

"బొమ్మలకు వారంటీ లేదు పెద్దాయనా. ఎంత మంచిదైనా ఎప్పుడో ఒకప్పుడు పోయేదే."

రెండు రోజులు వీడియోలు చూసిన నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. సిగ్గేసింది. నాయన మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "అట్లయితే రెండియ్యి," అన్నాడు. పెద్ద విగ్రహం ఒప్పుకుంటే ఆయన ఎప్పుడూ జత రాయి తెప్పించి పెడతాడు, మొదటిదాంట్లో చార బయటపడితే పని ఆగకుండా. షాపతను ఒకటి డబ్బాలో పాతదాని పక్కనే బిగించాడు, ఇంకోటి విడిగా కేబుల్‌తో ఇచ్చాడు. పాత డిస్కు ఏ నిమిషమైనా ఆగిపోవచ్చని, ఇంటికి పోగానే కాపీ చేసుకోమని హెచ్చరించాడు.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కూర్చున్నాం. ఫొటోలు ఒక్కొక్కటే కొత్తదాంట్లోకి పోతున్నాయి, పాతది టక్ టక్‌మంటోంది. మధ్యలో అది రెండుసార్లు గుక్క పట్టింది. నాకు నిజంగా భయమేసింది. నాయన ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు. చివరికి అన్నీ రెండు డిస్కుల్లోకీ చేరాయి.

ఆ తర్వాత ఆయన తీరిగ్గా ఫొటోలు చూడసాగాడు. ఒక అమ్మవారి దగ్గర ఆగిపోయాడు. "దీన్ని తీసెయ్యిమ్మా."

"ఎందుకు నాయనా?"

"ఎడమ కన్ను రవ్వంత కిందికి దిగింది. ప్రతిష్ఠ అయినాక చూసుకున్యా. ఎవురికీ చెప్పలే."

నాకేమీ తేడా కనిపించలేదు. బిడ్డకు జ్వరమొస్తే పక్క ఊళ్లవాళ్లు సైతం పరుగెత్తేది ఆ అమ్మ దగ్గరికే.

"రెండు డిస్కుల్లో తీసేస్తా. గుళ్లో ఎట్ల తీసేద్దాం?" అన్నాను.

నాయన తెర మీది ఆ కన్నును బొటనవేలితో ఒకసారి తడిమాడు.

"ఉండనీలే," అన్నాడు. "ఆ కన్నుతోనే కదా ఇన్నేండ్లు అందర్నీ చూస్తాండేది."