మడత కింద క్లారినెట్

బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఇంటి హాల్లో మా నాన్నగారి ఫోటో ఒకటి ఉంది. రంగులద్దిన పాత ఫోటో. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు కుచ్చులు, రెండు వరుసల ఇత్తడి బొత్తాలు, తల మీద తురాయి టోపీ. ఇంటికొచ్చిన వాళ్ళు కాఫీ కప్పు పట్టుకుని దాని ముందు ఆగుతారు. "సంస్థానం డ్రెస్సా అండీ?" అంటారు. "మా సంస్థానానిదే" అంటాను.

అది అబద్ధం కాదు. కోటు మా సంస్థానానిదే. కాకపోతే జమీందార్లు వేసుకునేది కాదు. వాళ్ళ ముందు నడిచే బ్యాండువాళ్ళు వేసుకునేది.

తాతగారి హయాంలో మా కోటకి సొంత బ్యాండు ఉండేది. భూములు పోయి, కోట పోయి, అందరూ తలో దిక్కూ అయ్యాక, బ్యాండు మాస్టరు ఆ కోట్లూ వాయిద్యాలూ తీసుకుపోయి టౌన్లో పెళ్ళిళ్ళకి వాయించే మేళం పెట్టుకున్నాడు. మా నాన్నగారు చిన్నప్పుడు సరదాకి ఆయన దగ్గరే క్లారినెట్ నేర్చుకున్నారు. చివరికి అదొక్కటే ఆయన చేతిలో మిగిలిన విద్య. ఆ మేళంలోనే చేరారు. తన ఇంటి నౌకర్ల కోటు తాను తొడుక్కుని, పద్నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ పెళ్ళి ఊరేగింపుల ముందు నడిచారు.

ఫోటోలో ఆయన చేతుల్లో క్లారినెట్ ఉంది. ఫ్రేము కట్టించినప్పుడు నేను దాన్ని బొత్తాల కింద నుంచి వెనక్కి మడిచేశాను.

మా అమ్మాయి ఈ దేశంలోనే పుట్టింది. ప్రైమరీ స్కూల్లో ఇంట్లోంచి ఒక వస్తువు తెచ్చి దాని గురించి చెప్పమంటే ఆ ఫోటో పట్టుకెళ్ళి, మా తాతగారు జనరల్ అని క్లాసులో చెప్పొచ్చింది. నేను దిద్దలేదు. ఇరవయ్యేళ్ళు గడిచినా దిద్దలేదు. దాని లెక్కలో ఆయన జనరల్, నేను జనరల్‌గారి అబ్బాయిని. మాకు మిగిలిన ఆస్తి అల్లా ఆ ఒక్క మాటే. అది కూడా పోతే ఆ పిల్ల ముందు తలెత్తుకుని ఎలా తిరగాలో నాకు తెలియదు.

నేను రిటైరైన ఏడాది అమ్మాయి ఒక టూర్ బుక్ చేసింది. మెక్సికో దక్షిణాన ఒహాకా అనే ఊరు, అక్కడ చనిపోయినవాళ్ళ పండుగ, పన్నెండు మంది యాత్రికులు, ఒక గైడు. "డబ్బులిచ్చి స్మశానాలు చూసే సరదా నాకు లేదు, మీరిద్దరూ వెళ్ళిరండి" అంది మా ఆవిడ. అంతవరకూ బాగానే ఉంది. వాళ్ళు పంపిన కాగితంలో చివరి లైనే కొంప ముంచింది. ప్రతివాళ్ళూ తమ ఇంట్లో చనిపోయిన ఒక మనిషి ఫోటో తెచ్చుకోవాలట. పండుగనాడు ఆ ఫోటో దగ్గరికే వాళ్ళు వస్తారట.

"తాతగారి రెడ్ కోట్ ఫోటో!" అంది అమ్మాయి.

"కాపీ తీయిస్తాను."

"కాపీకి తాతగారు ఎలా వస్తారు నాన్నా? ఒరిజినల్."

అది ఆఫీసుకెళ్ళిన పూట చూసి నేనే ఫ్రేము విప్పాను. మడత మీద టేపు వేసి, చాలదేమోనని ఇంకో రెండు వేసి, అట్టల మధ్య పెట్టి, చేతి సంచీలో నా పాస్‌పోర్టు కంటే భద్రంగా మోశాను.

టూర్లో మేం కాక ఇంకొక్కరే తెలుగాయన. కోనసీమ మనిషి, మా బ్రిస్బేన్‌లోనే సన్నీబ్యాంక్‌లో ఉంటాడు, కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. ఒహాకాలో బస్సెక్కిన పది నిమిషాలకే నా వెనక సీట్లోంచి ముందుకి వంగాడు.

"ఏవండీ దొరగారూ! బస్సులో కూడా గోడకుర్చీ ఏసినట్టు కూర్చున్నారేంటండీ? మాస్టారెవరైనా శిక్షేశారా?"

"నా వెన్ను అంతేనండి."

"అంకుల్, హీ స్లీప్స్ లైక్ దట్ టూ" అంది మా అమ్మాయి.

దాంతో బస్సు మొత్తానికి నేను దొరగారినయ్యాను. ఆ పిలుపు ఎగతాళే. అయినా చెవికి అంత కష్టంగా ఏమీ లేదు.

ఆ ఊళ్ళో ఎటు చూసినా బంతిపూలే. గడపల మీద, దుకాణాల మీద, ఆగి ఉన్న లారీ ముందు అద్దం మీద. మొదటి రోజు మమ్మల్ని తీసుకెళ్ళిన వీధిలో, నడిమధ్యన, బంతిరేకులు పరిచి దారి వేశారు. నేనూ కోనసీమాయనా అక్కడే ఆగిపోయాం. పూలు తొక్కుతామా! తెల్లవాళ్ళందరూ హాయిగా నడిచిపోతుంటే మేమిద్దరం గోడలు పట్టుకుని, కాలవ గట్టు మీద నడిచినట్టు, పక్క నుంచి పక్కకి గెంతుకుంటూ వెళ్ళాం. గైడు వెనక్కొచ్చింది. నడివయసు మనిషి, రెండు జడల్లో ఎర్ర రిబ్బన్లు. ఆ దారి చనిపోయినవాళ్ళు ఇంటికి రావడానికని, బతికున్నవాళ్ళు నడిచినా ఎవరూ ఏమీ అనుకోరని ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పింది.

"అలా అనకమ్మా, మా అమ్మ చూసిందంటే వీపు చీరేస్తాది" అన్నాడాయన తెలుగులో. ఆమె ఏం అర్థం చేసుకుందో గాని, తల ఊపి మా పక్కనే గెంతడం మొదలుపెట్టింది.

రెండో రోజు పొద్దున్న ఊరి చివర ఒక తోటకి తీసుకెళ్ళారు. ఒక ముసలాయన చిన్న కాయ డొప్పలోంచి ముందు నేల మీద కాస్త ఒంపి, ఏదో మంత్రంలాంటిది చదివి, నా ముందు ఆగాడు. నేను అలవాటు కొద్దీ కుడి అరచెయ్యి గుంట చేసి చాచాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, చేతిలో పోశాడు. నేను కళ్ళు మూసుకుని తీర్థంలా పుచ్చుకుని, తడి చెయ్యి తలకి రాసుకున్నాను. గొంతులోంచి పొట్ట దాకా నిప్పు దిగింది. కలబంద లాంటి మొక్క నుంచి దింపిన సారా అది! మా వంశంలో సారా ముట్టనివాళ్ళలో నాది ఆరో తరం. ఏమీ జరగనట్టు నిలబడ్డాను. నా వెనకున్న పదకొండు మందీ అదే పద్ధతి కాబోలు అనుకుని, వరసగా చేతులు చాచి, తాగి, తలకి రాసుకున్నారు. అమ్మాయి నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. మధ్యాహ్నం దాకా బస్సంతా ఒకటే వాసన.

ఆ మధ్యాహ్నమే ఫోటోలు పెట్టేది.

ఒక ఇంటి పెరట్లో చెరుకు గడలు వంచి కమానులా కట్టారు. మన పాలవెల్లిలాగే దానికి పళ్ళూ బంతిపూలూ వేలాడదీశారు. కింద మెట్లు మెట్లుగా బల్లలు, వాటి మీద కోడిజుట్టు పూలు, చిన్న చిన్న మొహాలు అతికించిన రొట్టెలు, ఒక ముంతలో సాంబ్రాణిలాంటి ధూపం, లెక్కలేనన్ని కొవ్వొత్తులు. గైడు మా ఫోటోలు తీసుకుని ఒక్కొక్కటే రొట్టెలకి ఆనించి నిలబెట్టింది. ప్రతివాళ్ళూ తమ మనిషి గురించి నాలుగు మాటలు చెప్పాలి. కోనసీమాయన వాళ్ళమ్మ ఫోటో ముందు జేబులోంచి మామిడితాండ్ర తీసి పెట్టాడు. "దీన్ని కాఫీలో ముంచుకు తినేదండి మహాతల్లి. ఎవరన్నా చూస్తే కాఫీ మా మీద ఒలకబోసేది" అన్నాడు, సగం నవ్వుతూ.

నా వంతు వచ్చింది. మా అమ్మాయి నా పక్కనే నిలబడి, నాకంటే ముందే అందరికీ చెప్పేసింది. "మై గ్రాండ్‌ఫాదర్. హి వజ్ ఎ జనరల్."

"ఈయన మా నాన్నగారు" అన్నాను. ఫోటో వంక చూశాను. నాన్నగారు కదిలారు.

పొద్దుటి తీర్థం ఇంకా దిగలేదనుకున్నాను. కాదు. కొవ్వొత్తుల వేడికి టేపు మెత్తబడింది. మడత మెల్లగా విచ్చుకుంటోంది. ఫోటో తనంతట తనే అర అంగుళం పైకి లేచింది. తరవాత అంగుళం. కూర్చున్న మనిషి కుర్చీ చేతులు పట్టుకుని నింపాదిగా లేచినట్టు, పన్నెండు మంది చూస్తుండగా నాన్నగారు లేచి నిలబడ్డారు, చేతిలో క్లారినెట్‌తో.

"ఆయ్! క్లారినెట్టండీ!" కోనసీమాయన ఆనందం పట్టలేక అరిచాడు. "ఇది బ్యాండు మేళం కోటు కదండీ బాబూ! మా అక్క పెళ్ళికి అచ్చం ఇలాంటి..." అంటూనే నా మొహం చూశాడు. చటుక్కున గొంతు తగ్గించాడు. "అంటే... జనరల్‌గారికి సంగీతం కూడా వచ్చేమో లెండి. పెద్దవాళ్ళకి అన్నీ వస్తాయి."

మంచి మనిషి. నాకు దారి తీసి పెట్టాడు. "అవునండీ, సరదాకి నేర్చుకున్నారు" అంటే చాలు. అది కూడా అబద్ధం కాదు.

కాని అప్పుడు, నా పదేళ్ళ వయసులో ఒక సాయంత్రం గుర్తొచ్చింది. స్కూలు వదిలాక స్నేహితులతో వస్తున్నాను. ఎదురుగా పెళ్ళి ఊరేగింపు. ముందు వరసలో ఎర్ర కోట్లో నాన్నగారు. నేను దాక్కోవాలని చూశాను, చోటు లేదు. నాన్నగారే నన్ను చూశారు. చూసి, వాయిస్తూనే, మొహం అవతలి వైపుకి తిప్పుకున్నారు. వీధి చివరి దాకా అలాగే, పక్కకి తిప్పిన మెడతో నడిచారు. నా స్నేహితులెవరికీ తెలియలేదు. ఇంటికొచ్చాక ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాడు మాత్రం మెడ పట్టేసిందని అమ్మ చేత కాపడం పెట్టించుకున్నారు.

"జనరల్ కాదు" అన్నాను. "పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. అది ఆయన ఉద్యోగం."

అమ్మాయి ఫోటో దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. మడత గీత మీద వేలు పెట్టింది.

"నాన్నా, నువ్వు తాతగారిని మడిచావా?"

నేను ఊడిన టేపు ముక్క తీసి జేబులో పెట్టుకున్నాను.

"ఆల్ మై లైఫ్... నువ్వు తాతగారిని మడిచేశావు!"

అని గిరుక్కున తిరిగి గేటు దాటి వీధిలోకి వెళ్ళిపోయింది. దానికి బ్యాండు మీద కోపం లేదు, మడత మీద కోపం. నేను భయపడాల్సింది ఒకదానికైతే ఇరవయ్యేళ్ళూ భయపడింది ఇంకోదానికని అప్పుడర్థమైంది. కాని కోపం కోపమే. వెన్ను నిటారుగా పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. గైడు కుర్చీ తెచ్చి వేసింది. "సంగీతం వాయించేవాడైతే ఎందుకు దాచావు? మా ఊళ్ళో బ్యాండు లేకుండా చనిపోయినవాళ్ళు కూడా రారు" అంది, నిజంగా అర్థం కాక.

అంతలో వీధి మలుపులోంచి డోలు మోత వినపడింది. ఆ వెనకే బాకాలు. గేటు దడాలున తెరుచుకుని అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది.

"నాన్నా, కమ్! క్లారినెట్ ఉంది! ముందు రోలోనే ఉంది!"

రొట్టెల మీంచి ఫోటో లాక్కుని నా చేతిలో పెట్టి, నా మోచెయ్యి పట్టి వీధిలోకి ఈడ్చింది. పుర్రె మొహాలు పూసుకున్న జనం, గుర్రమంత బొమ్మల్ని మోసుకుంటూ చిందులేసేవాళ్ళు, వాళ్ళ వెనక బ్యాండు. ముందు వరసలో మామూలు చొక్కాలో ఒక బక్కమనిషి క్లారినెట్ వాయిస్తున్నాడు. గైడు వాడి చెవిలో ఏదో అరిచింది. వాడు ఫోటో చూశాడు, క్లారినెట్ మూతి ఫోటో వైపు పైకెత్తి ఒక స్వరం పట్టాడు, ఊపిరి ఉన్నంతసేపూ వదల్లేదు.

కోనసీమాయన జేబురుమాలు తీసి ఒక కొస నోట కరిచాడు. ఆ వీధి వీధంతా ఆగి చూస్తుండగా, అరవై అయిదేళ్ళ కెమిస్ట్రీ మాస్టారు మెక్సికో బ్యాండు ముందు పాము డాన్సు మొదలుపెట్టాడు. డోలువాడికి క్షణంలో అర్థమై దరువు మార్చాడు. మా అమ్మాయి రెండు చేతులూ పడగ పట్టింది.

"రండి దొరగారూ! మీ సొంత బ్యాండేనండీ!"

మా ఇంట్లో ఎవరూ బ్యాండు ముందు ఆడలేదు. మొదట ఏనుగెక్కి దాని వెనక వచ్చారు, తరవాత దాంట్లో వాయించారు. ఆడింది నేనే. ఫోటో రెండు చేతులా తల మీదికెత్తి, నడుం వంచి, బంతిరేకుల దారి మీదే, తొక్కుతున్నాననే ధ్యాస కూడా లేకుండా, వీధి చివరి దాకా ఆడాను. నాన్నగారి మొహం సూటిగా జనం వైపే ఉంది.

ఇంటికొచ్చాక ఫ్రేము పెద్దది కట్టించాం. కడుపు మీద మడత గీత అడ్డంగా తెల్లగా కనపడుతుంది. కంప్యూటర్లో చెరిపేస్తానన్నాడు ఫ్రేముల షాపతను. అమ్మాయి వద్దంది. నేను చేసింది నాకు కనపడాలట. వచ్చినవాళ్ళు ఇప్పటికీ కాఫీ కప్పుతో ఆగుతారు. బ్యాండు మేళం అని చెబుతాను.

నా పుట్టినరోజుకి అది ఒక పాత క్లారినెట్ కొనిపెట్టింది. శనివారాలు కమ్యూనిటీ హాల్లో పదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని నేర్చుకుంటున్నాను. మొదటి వారం నేను ఇంట్లో సాధన చేస్తుంటే పక్కింటాయన కంచె మీంచి తొంగిచూసి, మీ పెరట్లో బాతేదైనా దెబ్బతిన్నదా అని మర్యాదగా అడిగాడు. టీచరమ్మ మాత్రం మొదటి రోజే నన్ను పిల్లలందరికీ చూపించింది. ఊదడం సంగతి తరవాత చూద్దాం గాని, కూర్చుంటే ఆయనలా కూర్చోవాలి అంది.